చింతపండుతో తోమిన నాలుగో నంబరు కత్తి

మొదటి కత్తిని నేను పనసకాయ కొయ్యడానికి కొన్నాను.

ఇర్వింగ్‌లో మా అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో ఒక ఇంటివాళ్లు ఊరు మారుతూ సామానంతా గ్యారేజీ ముందు పరిచి అమ్ముకుంటున్నారు. దీపాల స్టాండ్లు, పిల్లల సైకిళ్లు, పాత సూట్‌కేసులు. వాటి మధ్య ఒక చెక్కపెట్టె తెరిచి ఉంది. లోపల ఎర్ర మఖమల్ గుడ్డ మీద జానెడున్నర పొడుగున కత్తి. మడిచేది కాదు, పిడిలోకి బిగించిన కత్తి. అంతకు ముందు వారమే పనసకాయ మీద కూరగాయల చాకు ఒకటి వంచేశాను. ఇదైతే వంగదులే అనుకున్నాను. అమ్మే ఆవిడ, "వేటకు వెళ్తారా?" అని అడిగింది. "లేదు, పనసకాయకు" అన్నాను. ఆ కాయ ఎంత ఉంటుందో రెండు చేతులూ చాచి చూపించాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి చేతులకు నూనె రాసుకుని, కాయను పాత పేపర్ల మీద పెట్టి, కత్తి ఎత్తాను. కిటికీ వెలుతురు బ్లేడు మీద పడింది. కొమ్ముల దుప్పి ఒకటి మెడ తిప్పి వెనక్కి చూస్తోంది. దాని కాళ్ల కింద బంగారు అక్షరాలు. నా చదువు అయిదో తరగతితో ఆగింది, అదీ తెలుగులో. అమ్మాయిని పిలిచాను. అది అప్పుడు ఎనిమిదో క్లాసు.

"ఏం రాశారే ఇక్కడ?"

"అమ్మా, ఒక చిన్న టౌన్ ఉంది, దానికి హండ్రెడ్ ఇయర్స్ అయింది అని చేశారు. నువ్వు దానితో జాక్‌ఫ్రూట్ కట్ చేస్తే ఆ టౌన్ వాళ్లు ఫీల్ అవుతారు."

నేను కత్తి దించాను. ఊరికి నూరేళ్లు పూర్తయితే రాయి పాతుకోవడం చూశాను, గేటు కట్టుకోవడం చూశాను. ఈ ఊరివాళ్లు కత్తి చేయించుకున్నారు. ఎవరో కూర్చుని ఆ దుప్పి మెడ మీది బొచ్చు కూడా గీతగీతగా చెక్కారు. దాన్ని జిగురులో ముంచడానికి చెయ్యి రాలేదు. పనసకాయను ఆ రోజు మా ఆయన రంపంతో కోశాడు.

అలా మొదలై పద్నాలుగు కత్తులయ్యాయి. నాకు కొన్ని పట్టింపులున్నాయి. మడిచే కత్తి నాకొద్దు. జానెడుకు తక్కువైనది వద్దు. దాని మీద ఏదో ఒక జ్ఞాపకం చెక్కి ఉండాలి. ఒక రైలు స్టేషనుకు యాభై ఏళ్లు, ఒక వరదలో జనాన్ని పడవల్లో దాటించిన వాళ్లు, ఒక వేటగాళ్ల సంఘం. ఏ కత్తి ఎక్కడ కొన్నానో, ఆ రోజు ఎండా వానా, అమ్మినాయన చొక్కా రంగేమిటో నాకు గుర్తే. రాసిపెట్టుకోవాల్సిన పని పడలేదు.

నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లకు మొదట కనపడేది గోడ మీది ఈ కత్తులే. వరంగల్ వైపు అమ్మాయి ఒకతి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇవన్నేంది అక్కా? బ్లౌజు మంచిగ కుట్టలేదని ఎవలన్న అడిగితె చూపిస్తవా?"

"అడిగినవాళ్లు ఎవరూ మళ్లీ కనపళ్లేదమ్మా" అన్నాను. ఆమె ఆ తర్వాత నాతో ఎనిమిది బ్లౌజులు కుట్టించుకుంది, ఒక్కదానికీ వంక పెట్టలేదు.

కుట్టుపనే నన్ను ఒక పెద్దాయన దగ్గరికి చేర్చింది. ఇక్కడి జిల్లాను కౌంటీ అంటారు, ఆ కౌంటీ మైదానంలో పెద్ద రేకుల హాలు ఉంది. ఏడాదికి రెండుసార్లు అందులో కత్తుల ప్రదర్శన పెడతారు. నేను చుడీదార్ మీద స్వెటర్ వేసుకుని టేబుల్ టేబుల్‌కీ ఆగి చూస్తూ వెళ్తుంటే, చాలామంది నేను ఎవరికోసమో వెతుకుతున్నాననుకునేవాళ్లు. పెద్దాయన ఒక్కడే కుర్చీ జరిపి, దగ్గరికొచ్చి చూడమన్నాడు. స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. పొడుగాటివాడు, రెండు చెవులకూ వినికిడి మిషన్లు. ఆయన టేబుల్ మీది ఒక తోలు ఒరను చేతిలోకి తీసుకుని, "దీన్ని ఒకే సూదితో కుట్టారు, అందుకే విడిపోతోంది. రెండు సూదులతో అటూ ఇటూ కుట్టాలి" అన్నాను. మా మేనమామ ఎద్దుల మెడలకు పట్టెడలు కుట్టేవాడు. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చుని దారానికి మైనం రాసిచ్చేదాన్ని. ఆ మాట చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాల్లేదు. దబ్బనం పట్టుకున్నట్టు చేతులు ఆడించి చూపించాను.

ఆ ఒర ఇంటికి తెచ్చి కుట్టి ఇచ్చాను. అప్పటి నుంచి ఏడేళ్లుగా ఆయన ఒరలు నేనే కుడుతున్నాను. డబ్బు బదులు అప్పుడప్పుడూ ఒక కత్తి ఇచ్చేవాడు. ఆయన నన్ను మేడమ్ అంటాడు, నేను ఆయన్ని సర్ అంటాను.

పెద్దాయనకు పది కత్తుల సెట్టు ఒకటుంది. వయసులో ఉన్నప్పుడు పదిమంది స్నేహితులు ఏటా నవంబరులో ఒకే చోట గుడారాలేసుకుని దుప్పుల వేటకు వెళ్లేవాళ్లట. అలా వెళ్లడం మొదలుపెట్టి పాతికేళ్లయినప్పుడు పది కత్తులు చేయించుకుని, ఒకటి నుంచి పది దాకా నంబర్లేసి, దుప్పి బొమ్మ చెక్కించి, ఎవరి కత్తి మీద వాళ్ల పేరు బంగారంతో రాయించుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే పోయారు. పెద్దాయన ఒక్కడే మిగిలాడు. పోయినవాళ్ల భార్యలనూ పిల్లలనూ వెతికి పట్టుకుని, ఉత్తరాలు రాసి, కొన్నిటికి పదేళ్లు ఆగి, ఎనిమిది కత్తులు తెచ్చుకున్నాడు. తనదొకటి. ఆఖరుది నాలుగో నంబరు. ఒహాయోలో ఉన్న ఒక కొడుకు దగ్గర ఉండిపోయింది. అది పోయినేడు ఆగస్టులో వచ్చింది. అక్టోబరు ప్రదర్శనలో పదీ ఒకే టేబుల్ మీద పెట్టాలన్నది ఆయన కోరిక. ఆ కొడుకు కూడా చూడటానికి వస్తానన్నాడు.

నాలుగో నంబరు ఒర కుట్లన్నీ చివికిపోయి ఉన్నాయి. "కొత్త ఒర చెయ్యాలి" అన్నాను. ఒర చెయ్యాలంటే కత్తి దగ్గరుండాలి. తోలు తడిపి, ప్లాస్టిక్ చుట్టిన కత్తిని లోపల పెట్టి, వేళ్లతో ఒత్తుతూ ఆరనిస్తేనే ఆ కత్తి ఒడ్డూ పొడుగూ దానికి పడతాయి. ఆయన కాసేపు కత్తిని అరచేతుల్లో పెట్టుకుని, తర్వాత నా చేతికిచ్చాడు. జాగ్రత్త అని కూడా అనలేదు.

ఒర బాగా కుదిరింది. కుట్టు పూర్తయి, తోలు ఆరి, అంచులకు మైనం రాయడమే మిగిలిన రోజున ఆయుధపూజ వచ్చింది.

మా ఇంట్లో ఆయుధపూజ నేను వదలను. కుట్టుమిషను, కత్తెరలు, మా ఆయన స్క్రూడ్రైవర్లు, రెండు కార్లు, అమ్మాయి పాత ల్యాప్‌టాప్, అన్నీ శుభ్రమై బొట్టు పెట్టించుకోవాలి. పొద్దున్నే అన్నీ తుడుస్తూ నాలుగో నంబరు దగ్గరికొచ్చాను. పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా ఇత్తడి పట్టీ ఉంది. ఏళ్ల తరబడి పాత తోలులో నానిన ఇత్తడి. పచ్చగా చిలుము పట్టి ఉంది.

చిలుము పట్టిన ఇత్తడిని పండగపూట చూసి ఊరుకోవడం నా వల్ల కాదు. అదీగాక అది పరాయివాళ్ల వస్తువు. మా పుట్టింట్లో ఎవరింటి గిన్నె వచ్చినా తళతళా తోమి గానీ తిరిగి పంపేవాళ్లం కాదు. నా కత్తుల ఇత్తడి పట్టీలను ఎన్నోసార్లు చింతపండుతో తోమాను, ఒక్కటీ చెడిపోలేదు. అదే ధైర్యంతో చింతపండు నానబెట్టి, ఉప్పు వేసి, కొబ్బరిపీచుతో రుద్దాను. ఇత్తడి కొత్త బిందెలా మెరిసింది. పులుసు బ్లేడు మీదికి కారింది. సరే, మొత్తం తోమేద్దామని దాన్నీ రుద్దాను. రెండో వైపు కూడా రుద్దాను. కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయ కోసి మొన మీద గుచ్చి, హారతిచ్చి, వంటలోకి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక నిమ్మకాయ తీశాను. బ్లేడు బూడిద రంగుకు తిరిగింది. నా కత్తులు తుప్పు పట్టని రకం ఉక్కు. ఇది పాతకాలపు ఉక్కు, పులుపు తగిలితే నల్లబడుతుంది. నాకా తేడా తెలుసు. తెలిసీ ఆ క్షణంలో గుర్తు రాలేదు. బొట్టు తుడిచాను. దాని కింద పేరుండాలి. బంగారం లేదు. మొదటి అక్షరం అంచున కొంచెం, ఆఖరి అక్షరం తోకలో కొంచెం మెరుస్తోంది. మధ్యలో ఉత్త గీతలు. చనిపోయిన మనిషి పేరును నేను పీచుతో రుద్ది తీసేశాను.

నేల మీద కూర్చున్నదాన్ని లేవలేదు. మా ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి చూశాడు. ఆయన గోదాములో సామాన్లు ఎక్కించే పని చేస్తాడు, దేనికీ కంగారు పడే మనిషి కాదు.

"ఏందే అట్టా కూర్చున్నావు?"

చూపించాను.

"పాతదేగా. పాతబడి పోయిందని చెప్పు."

"నెల కిందట తన చేత్తో ఇచ్చాడయ్యా. ఆయనకు చెవులే వినపడవు, కళ్లు బాగానే ఉన్నాయి."

"అయితే నీ పద్నాలుగులోంచి మంచిది ఒకటి ఇయ్యి."

"పద్నాలుగూ ఇచ్చినా వాటి మీద ఆ పేరుందా?"

ఆయన నా పక్కనే కూర్చున్నాడు, కాసేపటికి పీటమీది చింతపండు గిన్నె తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

సాయంత్రం అమ్మాయి వచ్చింది. లాస్ కొలీనస్‌లో ఆఫీసు, విడిగా ఉంటుంది, పండగకని వచ్చింది. కత్తితో పాటు పెద్దాయన ఇచ్చిన పెట్టె మూత లోపల చేసినవాళ్ల ముద్ర, ఊరి పేరు ఉన్నాయి. అది చూసి ఫోన్‌లో వెతికింది. దక్షిణాన గుట్టల ప్రాంతంలో ఒక చిన్న ఊరు. ఆ చెక్కినాయన లేడు, కూతురు అదే షెడ్డులో అదే పని చేస్తోంది. ఫోన్ చేస్తే మంగళవారం రమ్మంది. ప్రదర్శన ఆ వచ్చే వారం శనివారమే.

"అమ్మా, టూస్‌డే నాకు లీవ్ లేదు. డాడీకి కూడా లేదు. ఫోర్ అవర్స్ ఉంది, మొత్తం హైవేనే. నువ్వు హైవే ఎప్పుడూ ఎక్కలేదు కదా."

నిజమే. పదకొండేళ్లుగా కారు నడుపుతున్నాను గానీ లోపలి రోడ్లు తప్ప తొక్కలేదు. గుడికి పది నిమిషాల దారిని ముప్పై నిమిషాలు తిరిగి వెళ్తాను.

"ఎక్కుతాను" అన్నాను.

"నీకు మెర్జ్ అవ్వడం రాదు అమ్మా."

"కలవడమేగా. పెళ్లిభోజనాల్లో బంతిలోకి జొరబడ్డం వచ్చినదానికి ఇదెంత."

"అది వేరే, ఇది వేరే" అని అది తల పట్టుకుంది. మర్నాడు శనివారం, ఆ పైన ఆదివారం తెల్లారగానే వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ర్యాంపు ఎక్కించింది, దించింది, మళ్లీ ఎక్కించింది. ఆదివారం ఆఖరికి, "ఓకే, నువ్వు రైట్ లేన్‌లోనే ఉండు, ఎవరు హార్న్ కొట్టినా చూడకు" అని ఒప్పుకుంది.

పెద్దాయనకు ముందే ఎందుకు చెప్పలేదని అడగొచ్చు. ముందు బాగు చేయించి, బాగైన కత్తి చేతిలో పెట్టి అప్పుడు చెబుదామనుకున్నాను. దాన్ని దాచడం అంటారని నాకు నేను చెప్పుకోలేదు.

మంగళవారం తెల్లవారుజామున పెట్టెను పక్క సీటులో పెట్టి బెల్టు కట్టాను. ర్యాంపు మీద అమ్మాయి చెప్పినట్టే అద్దం చూసి తొక్కాను. కుడివైపు లేన్‌లో, వెనక ట్రక్కు పొగగొట్టాలు అద్దంలో కనపడుతుంటే, ఇంటి పేరుతో సహా తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ వెళ్లాను. నన్ను దాటనివాళ్లు లేరు. ఒక గడ్డిమోపుల బండి కూడా దాటిపోయింది. రెండుసార్లు ఆగి, అయిదు గంటలకు పైగా పట్టి, చేరాను.

చెక్కే ఆవిడ నా ఈడుదే. నెరిసిన జడ, నుదుటి మీదికి తోసిన కళ్లద్దాలు, గోళ్లలో నలుపు. కత్తిని దీపం కింద పెట్టి, బిళ్ల అద్దం కంటికి ఆనించి, చాలాసేపు చూసింది.

"దేంతో తోమారు?"

"పుల్లటి పండు గుజ్జు. ఉప్పు."

"ఉప్పు కూడానా" అంది. మళ్లీ చూసింది. "ఇది మా నాన్న చెయ్యి. ఆ దుప్పి కన్ను ఆయన అలాగే చెక్కేవాడు. గీతలకేమీ కాలేదు. బంగారమే పోయింది."

"మళ్లీ పెడతారా?"

"పెడతాను. గంట పని. బ్లేడు మీద ఈ మసి కూడా చాలావరకు తీస్తాను." అద్దం దించి నా వైపు చూసింది. "కత్తి మీదేనా?"

"కాదు."

"ఆయనకు తెలుసా?"

నేను చున్నీ సర్దుకున్నాను. ఆమెకు అర్థమైంది. కత్తిని మెల్లగా పెట్టెలో పెట్టి నా వైపు జరిపింది.

"అయితే నేను ముట్టుకోను."

"శనివారం పది కత్తులూ పెట్టుకుంటున్నాడు. ఈ పేరున్నాయన కొడుకు వస్తున్నాడు. మీరు గంటలో చేస్తే ఎవరికీ..." అని ఆగిపోయాను. నా నోటి నుంచి వచ్చిన మాట నాకే వినపడింది.

"ఎవరికీ తెలియదు అంటారు" అందావిడ. "వీటిని చూసేవాళ్లకు తెలుస్తుంది. కొత్త బంగారం రంగు వేరు. వాళ్లకు తెలియకపోయినా మీకూ నాకూ తెలుసు. ముందు ఆయన్ని చూడనివ్వండి. చూసి చెయ్యమంటే ఆదివారం తెచ్చినా చేస్తాను. ఫోన్ ఇక్కడి నుంచే చేసుకోండి."

"ఫోన్‌లో ఆయనకు సగం వినపడదు. ఎదురుగా చెప్పాలి" అన్నాను.

ఆమె నాకు మంచినీళ్లిచ్చింది. నేను పులిహోర డబ్బా తెచ్చుకున్నాను, ఆమెకూ పెట్టాను. రెండో ముద్ద దగ్గర ఆగి, "ఇందులోదేనా ఆ పండు?" అని అడిగింది. అవునన్నాను. మిగతాదంతా తినేసింది.

పెద్దాయన ఊరు మా ఇంటికి ఉత్తరాన గంట దూరం. మా ఎగ్జిట్ రాగానే దిగిపోదామని కాలు లాగింది. రేపు వెళ్లొచ్చు, పొద్దున్నే తాజాగా వెళ్లొచ్చు అనిపించింది. రేపు అనుకుంటే మళ్లీ గురువారం అవుతుందని నాకు తెలుసు. దిగలేదు. ఇంకా ఎండ ఉండగానే ఆయన ఇంటి ముందు ఆపాను. ఆయన షెడ్డు నీడలో కుర్చీ వేసుకుని బఠాణీలు వలుచుకుంటున్నాడు. కూర్చోమన్నాడు. నిలబడే చెప్పాను.

"సర్, నేను మీ కత్తి పాడు చేశాను."

"ఏమిటి?"

"మీ కత్తి. పాడు చేశాను."

ఆయన చెవి మిషను సర్దుకున్నాడు. "మళ్లీ చెప్పండి."

మూడోసారి అరిచి చెప్పాను. పక్కింట్లో గడ్డి కోస్తున్నాయన మిషను ఆపి ఇటు చూశాడు. పెట్టె తెరిచి ఇచ్చాను. పెద్దాయన కత్తిని షెడ్డు బయటికి, వెలుతురులోకి తీసుకెళ్లాడు. వెనక్కి తిరిగే నిలబడ్డాడు. ఆయన బొటనవేలు పేరున్న చోట ఒకసారి అటు, ఒకసారి ఇటు కదలడం మాత్రం కనపడింది.

"ఎందుకు?" అన్నాడు.

పండగ అని చెప్పాను. ఆ రోజు పనిముట్లకు దణ్ణం పెడతామని, ఇత్తడి మీద చిలుము చూసి ఊరుకోలేకపోయానని, మా వాళ్లు ఎవరి గిన్నె అయినా తోమి గానీ తిరిగివ్వరని, వచ్చిన ఇంగ్లీషంతా పెట్టి చెప్పాను.

"ఇది గిన్నె కాదు మేడమ్."

"కాదు సర్."

చెక్కే ఆవిడ దగ్గరికి వెళ్లిన సంగతి కూడా చెప్పాను. మీకు తెలియకుండా బాగు చేయిద్దామనుకున్నానని, ఆమె ఒప్పుకోలేదని, అది కూడా దాచలేదు. అక్కడికి ఎలా వెళ్లారని అడిగాడు. కారు నడిపానన్నాను. "మీరా?" అన్నాడు. నేను హైవే ఎక్కనని ఆయనకు తెలుసు. కత్తి తన దగ్గరే ఉంచుకున్నాడు. "ఒర శనివారం తెండి. చీకటి పడేలోపు ఇల్లు చేరండి" అని లోపలికి వెళ్లిపోయాడు. బఠాణీల గిన్నె కుర్చీ మీదే ఉండిపోయింది.

శనివారం దాకా ఆయన దగ్గర నుంచి ఏ కబురూ లేదు. ఒర అంచులకు మైనం పట్టించి, ఎముక ముక్కతో రుద్ది నునుపు చేశాను. మా ఆయన కాఫీ తాగుతూ, "నేను తీసకపోయి ఇచ్చొస్తాలే, నువ్వు పోకపోతే ఏమవుద్ది?" అన్నాడు. నన్ను తప్పించాలనే అన్నాడు, పాపం. "పోకపోతే ఇంకెప్పుడూ పోలేను" అన్నాను.

హాల్లోకి వెళ్లేసరికి పది కత్తులూ పచ్చగుడ్డ మీద వరసగా ఉన్నాయి. నాలుగోది నాలుగో చోటే ఉంది. మిగతా తొమ్మిదిటి మీదా పేర్లు మెరుస్తున్నాయి. దాని మీద బూడిద రంగు. ఎవరికైనా మొదటి చూపు అక్కడికే పోతుంది. పెద్దాయన నా వైపు చూడకుండా ఒర అందుకుని పక్కన పెట్టాడు.

"దాని సంగతి ఎవరు అడిగినా మీరే చెప్పాలి. నేను చెప్పను" అన్నాడు.

"చెబుతాను" అని టేబుల్ పక్కన నిలబడ్డాను. రెండో కుర్చీ ఖాళీగానే ఉంది, కూర్చోలేదు.

పొద్దుటి నుంచీ చెబుతూనే ఉన్నాను. చింతపండు అంటే ఏమిటో, చిలుము అంటే ఏమిటో, పండగేమిటో, నేనేం చేశానో. మొదట్లో మాట మధ్యలో తెగేది. పదిమందికి చెప్పేసరికి ఇంగ్లీషు దానంతటదే దారిలో పడింది. ఒకాయన పగలబడి నవ్వి, వాళ్ల నాన్న తుపాకీని డిష్‌వాషర్‌లో వేసిన కథ చెప్పాడు. ఇంకొకాయన ఆ పండు తన ఇత్తడి గంటలకు పనికొస్తుందా అని అడిగి, ఎక్కడ దొరుకుతుందో కాగితం మీద రాయించుకున్నాడు. రాసిచ్చాను, తెలుగు అక్షరాల్లోనే వచ్చింది, మళ్లీ అడిగి ఆయనే రాసుకున్నాడు. టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన మాత్రం నన్ను దాటి పెద్దాయనతో, "ఇలాంటివాళ్ల చేతికి నువ్వెలా ఇచ్చావు?" అన్నాడు. పెద్దాయనకు వినపడలేదో, వినపడనట్టు ఉన్నాడో. "ఆమెనే అడుగు" అన్నాడు. టోపీ ఆయన అడగలేదు. నేనే పిలిచి చెప్పాను. మొత్తం విని, తల కూడా ఊపకుండా వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ఒహాయో నుంచి ఆ కొడుకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. చెయ్యి కలిపిన వెంటనే నాలుగో నంబరు ముందుకు వచ్చి ఆగాడు. పెద్దాయన నోరు తెరిచాడు. ఆయన మాట రాకముందే నేను, "సర్, నేను చెబుతాను" అన్నాను. పొద్దుటి నుంచీ వచ్చిన మాటల ధార ఆయన ముందు ఆగిపోయింది. ఉత్త నాలుగు మాటలే వచ్చాయి. మీ నాన్నగారి పేరు నా చేత్తో పోయింది. తెలియక చేశాను. తెలిసి నాలుగు రోజులు దాచాలని చూశాను. బంగారం మళ్లీ పెట్టే ఆవిడ ఉంది, మీరు సరే అంటే నేనే తీసుకెళ్తాను.

ఆయన కత్తి ఎత్తలేదు. వంగి, కళ్లద్దాలు తీసి, దగ్గరగా చూశాడు.

"నాన్న ఇంట్లో ఉన్నన్నాళ్లూ దీన్ని మమ్మల్ని ముట్టుకోనివ్వలేదు" అన్నాడు. "మెరుస్తుంటే దూరం నుంచి చూసేవాళ్లం. ఈ రోజు మళ్లీ అలా చూడొచ్చనుకుని వచ్చాను."

ఆయనకు బాగా కనపడాలని నేను టేబుల్ దగ్గర నుంచి పక్కకు జరిగాను.

పెద్దాయన, "బంగారం పెట్టించమంటావా?" అని అడిగాడు.

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "వద్దు. కొత్త బంగారం నాన్నది కాదు. ఇలాగే ఉండనివ్వండి" అన్నాడు. నాతో పరవాలేదు అనలేదు. పరవాలేదు అనాల్సిన పని ఆయనకు లేదు. వెళ్లే ముందు మిగతా తొమ్మిదీ ఒక్కొక్కటే చూసి, కొత్త ఒరను చేతిలోకి తీసుకుని కుట్టు వెంట వేలు పోనిచ్చి, మళ్లీ అక్కడే పెట్టాడు.

అయిదింటికి హాలు ఖాళీ అవుతుంటే పెద్దాయన కత్తులు సర్దడం మొదలుపెట్టాడు. ఏడేళ్లుగా ఆ పని ఇద్దరం కలిసి చేసేవాళ్లం. ఆయన నూనెగుడ్డతో తుడిచి ఇస్తే నేను పెట్టెల్లో పెట్టేదాన్ని. ఆ రోజు నేను చెయ్యి చాచలేదు. పదీ ఆయనే తుడిచాడు, ఆయనే పెట్టుకున్నాడు. నేను పచ్చగుడ్డ మడిచాను, పేర్ల కార్డులు ఏరాను. అన్నీ అయ్యాక నాలుగో నంబరును కొత్త ఒరలోకి దూర్చి చూశాడు. తలకిందులు చేసి పట్టుకున్నాడు. జారలేదు.

"మూడోదానికీ ఎనిమిదోదానికీ కూడా ఒరలు పోతున్నాయి" అన్నాడు.

నేను మడిచిన గుడ్డను టేబుల్ మీద పెట్టి దగ్గరికి వచ్చాను.

"కత్తులు ఇవ్వను మేడమ్. అవి నా ఇల్లు దాటవు. కాగితం మీద పెట్టి చుట్టూ గీసి, మందం కొలిచి ఇస్తాను. దాంతో కుట్టగలరా?"

కత్తి లేకుండా ఒర కుట్టడం నేనెప్పుడూ చెయ్యలేదు. తడి తోలుకు లోపల ఒత్తుకునేది ఉండాలి. గీత మీద కుడితే ఒక నూలుపోగు తేడాకే బిగుసుకుపోతుంది, లేదా జారిపోతుంది. అదంతా ఆయనకూ తెలుసు.

"కుడతాను" అన్నాను.

ఆ కాగితాలు టపాలో వచ్చాయి. మా ఆయన వాటిని చెక్కపలక మీద పెట్టి గీసి, ఆ చెక్కతో రెండు కత్తులు కోశాడు. మందం ఎక్కువైందని మొదటి రెండూ పడేశాను. "నీ చాదస్తం" అంటూనే మళ్లీ కోశాడు. రెండోసారివి గీతకు సరిపోయాయి. నేను వాటిని గరుకు కాగితంతో రుద్ది రుద్ది, పెద్దాయన రాసిచ్చిన కొలతకు తెచ్చాను. మూడో నంబరు తోలు నిన్న తడిపాను. చెక్క కత్తి లోపల పెట్టి ఒత్తాను. రేపటికి ఆరుతుంది. సరిగ్గా పట్టకపోతే విప్పి ఇంకో తోలు తడుపుతాను.